గాల్వెస్టన్ నుంచి క్రూయిజ్: ఒకే కుటుంబం, ఎవరి కాగితాలు వాళ్ళవి

మా ఇంట్లో నలుగురికి ఇండియన్ పాస్‌పోర్టులు, ఒక్కరికి అమెరికా పౌరసత్వం. ఆ ఒక్కరి వయసు నాలుగేళ్ళు. మా ఆయనది హెచ్-1బి ఉద్యోగ వీసా, నాది దాని మీద భార్యగా వచ్చిన హెచ్-4. పాప టెక్సస్‌లోనే పుట్టింది. అత్తయ్యగారూ మావయ్యగారూ తెనాలి నుంచి విజిటర్ వీసా మీద వచ్చారు. వాళ్ళు తిరిగి వెళ్ళేలోపు ఒక్కసారైనా పెద్ద ఓడ ఎక్కించాలని మా ఆయన పట్టు. ఏ ఓడ, ఏ గది, కిటికీ ఉండాలా బాల్కనీ ఉండాలా అనేవన్నీ ఒక సాయంత్రం కూర్చుంటే తేలిపోయాయి. కాగితాల సంగతి అలా తేలలేదు. డల్లాస్ చుట్టుపక్కల మాలాంటి ఇళ్ళు వీధికి రెండైనా ఉంటాయి కాబట్టి మేము ఏమేం చూసుకున్నామో రాస్తున్నాను. నేను లాయర్ని కాదు. రూల్స్ మారుతూ ఉంటాయి, కాబట్టి డబ్బు కట్టేముందు మీ కేసుకి మీరు మళ్ళీ చూసుకోండి.

మొదట దొరికే సలహా ఆఫీసులోంచి వస్తుంది. "డ్రైవింగ్ లైసెన్సు, బర్త్ సర్టిఫికెట్ చాలు, మేము ఎప్పుడూ అలాగే వెళ్తాం" అని మా ఆయన టీమ్‌లో ఒకాయన చెప్పాడు. ఆయన చెప్పింది నిజమే, కానీ అమెరికా పౌరులకి. బయల్దేరిన రేవుకే తిరిగొచ్చే ఓడలని 'క్లోజ్డ్ లూప్' అంటారు. వాటిలో వెళ్ళే అమెరికన్లు పాస్‌పోర్టు లేకుండా బర్త్ సర్టిఫికెట్, ఫోటో ఉన్న ప్రభుత్వ ఐడీతో తిరిగి రావచ్చు. 16 ఏళ్ళ లోపు పిల్లలకి ఫోటో ఐడీ కూడా అక్కర్లేదు, బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే చాలు. 2009 జూన్ 1 నుంచి సముద్ర మార్గానికి ఉన్న రూలు ఇది. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి ఈ వెసులుబాటులో పిసరంత కూడా రాదు. రియల్ ఐడీ లైసెన్సు ఉన్నా అంతే. అది దేశం లోపల విమానం ఎక్కడానికి పనికొస్తుంది గానీ మన వీసా సంగతి దానిలో ఉండదు.

ఇంకో అపోహ కూడా ఉంది. "అమెరికాలో ఎక్కి అమెరికాలో దిగుతున్నాం కదా, దేశం ఎక్కడ దాటాం?" అని మావయ్యగారు అడిగారు. చాలామందికి ఇదే అనుమానం. ఇక్కడి పెద్ద క్రూయిజ్ ఓడలు దాదాపు అన్నీ బహామాస్, పనామా లాంటి దేశాల జెండాతో తిరుగుతాయి. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవుల మధ్యే ప్రయాణికుల్ని తిప్పకూడదని 1886 నాటి చట్టం ఒకటి ఉంది. అందుకే మధ్యలో ఒక్క విదేశీ రేవైనా తగలాల్సిందే. హవాయి దీవుల మధ్య తిరిగే 'ప్రైడ్ ఆఫ్ అమెరికా'ది అమెరికా జెండా. కాబట్టి అది వేరే దేశానికి వెళ్ళకుండానే హోనలులు నుంచి హోనలులు దాకా చుట్టి వస్తుంది. మిగతా వాటిలో ఓడ ఎక్కామంటే దేశం దాటినట్టే, తిరిగొస్తే కొత్తగా అమెరికాలో అడుగుపెట్టినట్టే. ఇది బుర్రలోకి ఎక్కితే తర్వాత వచ్చే ప్రశ్నలు వాటంతట అవే వరసలో పడతాయి.

అందుకని ముందు రూటు, తర్వాతే ఓడ. మా ఆయనకి అలాస్కా మీద మోజు. అలాస్కా పేరు వింటే అమెరికా రాష్ట్రమే కదా అనిపిస్తుంది. కానీ సియాటిల్ నుంచి వెళ్ళే ఓడలు ఆ 1886 చట్టం వల్లే కెనడాలో, ఎక్కువగా విక్టోరియాలో, ఆగి వస్తాయి. కెనడాకి ఇండియన్లకి విజిటర్ వీసా కావాలి. మన పాస్‌పోర్టులో అమెరికా వీసా ఎంత నిక్షేపంగా ఉన్నా వాళ్ళకి లెక్కలోకి రాదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది, మాకు లేదు. నలుగురికీ దరఖాస్తులు, వేలిముద్రలు, ఆ పైన ఎదురుచూపులు. అత్తయ్యగారి తిరుగు టికెట్ లోపు అవదని వదిలేశాం. ఫ్లోరిడా నుంచి వెళ్ళేవి బహామాస్, జమైకా, కేమన్ అని ఒకే ట్రిప్పులో రెండు మూడు దేశాలు తిరుగుతాయి. ఒక్కో దీవిది ఒక్కో రూలు, ఒక్కొక్కటీ విడిగా చూసుకోవాలి. మా టెక్సస్ తీరంలోనే ఉన్న గాల్వెస్టన్ రేవు నుంచి బయల్దేరేవాటిలో చాలా భాగం కోజుమెల్, ప్రోగ్రెసో, కోస్టా మాయా. మూడూ మెక్సికోలోనే. అంటే ఒక్క దేశం రూలు తెలుసుకుంటే చాలు. డల్లాస్ నుంచి కారులో వెళ్ళిపోవచ్చు కూడా. ఎవరైనా సలహా అడిగితే, ఇంట్లో రకరకాల వీసాలున్నప్పుడు ఒకే దేశంలో ఆగే రూటు తీసుకోమనే చెప్తాను.

మెక్సికో మన విషయంలో ఉదారంగానే ఉంది. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా పాస్‌పోర్టులో ఉంటే ఇండియన్లకి విడిగా మెక్సికో వీసా అక్కర్లేదు. గ్రీన్ కార్డు వాళ్ళకీ అంతే. ఇక్కడ 'చెల్లుబాటులో ఉన్న' అన్న మాట మీద ఒక్క క్షణం ఆగాలి. హెచ్-1బి వాళ్ళలో చాలామందికి పాస్‌పోర్టులో వేసిన వీసా స్టాంపు గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ అప్రూవల్ నోటీసు, అదే ఐ-797, మీద ఇక్కడ హాయిగా ఉద్యోగం చేసుకుంటూ ఉంటారు. ఉద్యోగానికి అది చాలు. మెక్సికో వీసా మినహాయింపుకి మాత్రం ఆ కాగితం వీసా కాదు.

ఈ సంగతి మా పిన్ని కొడుకు విషయంలో బాగా తేలింది. వాడు హూస్టన్‌లో ఉంటాడు, ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చి ఇప్పుడు ఓపీటీలో, అంటే చదువుకి సంబంధించి ఇచ్చే తాత్కాలిక పని అనుమతి మీద ఉన్నాడు. "అక్కా, నేనూ వస్తాను, గాల్వెస్టన్ నాకు గంట దూరమే" అన్నాడు. వీసా తీసి చూస్తే అప్పటికే గడువు దాటింది. వాడు ధైర్యంగా ఉన్నాడు, ఎందుకంటే 'ఆటోమేటిక్ రీవాలిడేషన్' అని ఒక రూలుందని కాలేజీలో చెప్పారట. ఉన్న మాటే. 30 రోజుల్లోపు కెనడాకో మెక్సికోకో వెళ్ళి వచ్చేవాళ్ళు, మధ్యలో కొత్త వీసాకి దరఖాస్తు పెట్టకుండా ఉంటే, గడువు దాటిన వీసాతో, గడువున్న ఐ-94తో (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) తిరిగి రావచ్చు. ఎఫ్, జె (స్టూడెంట్, ఎక్స్ఛేంజ్) వీసాల వాళ్ళకైతే క్యూబా తప్పించి పక్కనున్న దీవులకి వెళ్ళి వచ్చినా వర్తిస్తుంది. హెచ్-1బి వాళ్ళకి ఆ దీవుల వెసులుబాటు లేదు, మెక్సికో కెనడాలే. కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ట్రావెల్ సంతకం ఉందో లేదో, ఓపీటీలో ఉన్నవాళ్ళకి ఆ సంతకం 6 నెలల లోపుదేనో కాదో చూసుకోవాలి. వాడికి అన్నీ ఉన్నాయి.

అయితే ఇదంతా అమెరికా వైపు సంగతి. వెనక్కి రానిస్తారు, సరే. వెళ్ళనిచ్చేదెవరు? మెక్సికో మినహాయింపు గడువున్న వీసాకి కదా. ఓడ కంపెనీ డాక్యుమెంట్ల విభాగానికి ఫోన్ చేశాం. అక్కడ ఫోన్ ఎత్తినావిడ మర్యాదగా, మొహమాటం లేకుండా చెప్పింది: ఇండియన్ పాస్‌పోర్టుకి గడువున్న అమెరికా వీసా గానీ గ్రీన్ కార్డు గానీ చూపించాలి, లేకపోతే ఎక్కించుకోం. రీవాలిడేషన్ రూలు గురించి వాడు వివరించబోతే, "రూలు నాకూ తెలుసు, నేను చెప్పేది మా ఓడ సంగతి" అంది. మాకు మొదట కోపం వచ్చింది గానీ ఆలోచిస్తే వాళ్ళ బాధ వాళ్ళది. సరైన కాగితాలు లేనివాళ్ళని తెచ్చి దింపితే జరిమానా పడేది కంపెనీకి. అందుకే చట్టం కన్నా ఓడవాళ్ళే గట్టిగా ఉంటారు. వాడు రాలేదు.

అప్పటి నుంచి మేము ప్రతి మనిషికీ మూడు ప్రశ్నలు వేసుకోవడం మొదలుపెట్టాం. ఓడవాళ్ళు ఎక్కించుకుంటారా? ఆగే దేశం రానిస్తుందా? అమెరికా వెనక్కి రానిస్తుందా? జనం ఎక్కువగా మూడోదే అడుగుతారు, టెన్షన్ కూడా దాని గురించే. చెక్-ఇన్ కౌంటర్ దగ్గర ఆగిపోయేవాళ్ళు మాత్రం మొదటి దానికే ఆగిపోతారు. మనం ముందు దాటాల్సింది దాన్నే మరి.

నా కాగితాలు మామూలుగానే ఉన్నాయి. పాస్‌పోర్టుకి ఏడాది పైగా గడువుంది, వీసా ఉంది. హెచ్-4 ఐ-797, మా ఆయన ఐ-797, పెళ్ళి సర్టిఫికెట్ కాపీ పెట్టుకున్నాను. మా ఆయనదే కాస్త తిరకాసు. పాస్‌పోర్టుకి గడువు 6 నెలల లోపుకి వచ్చేసింది. తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం 6 నెలలు ఉండాలని ఓడవాళ్ళు రాశారు. దానికన్నా పెద్ద కారణం ఇంకొకటుంది. అమెరికాలోకి వచ్చేటప్పుడు పాస్‌పోర్టు గడువు దగ్గర్లో ఉంటే అధికారి ఐ-94ని ఆ తేదీ దాకానే ఇచ్చే అవకాశం ఉంది. హెచ్-1బి అనుమతి ఇంకో రెండేళ్ళు ఉన్నా సరే. అది గమనించుకోక తర్వాత నానా అవస్థలూ పడినవాళ్ళని విన్నాం. అందుకే ముందే రెన్యూ చేయించాం. కొత్తది వచ్చింది, దాంతోపాటు మూలలు కత్తిరించి, 'క్యాన్సిల్డ్' ముద్ర కొట్టిన పాతదీ వచ్చింది. వీసా ఆ పాత దాంట్లోనే ఉంది. అత్తయ్యగారు ఆ కత్తిరించిన మూల వేలితో తడిమి చూసి, "ఇది చెల్లుతుందా నాయనా, ఇలా కోసేశారేంటి" అన్నారు. చెల్లుతుంది. వీసా పేజీ చిరగకుండా, గడువులో ఉంటే పాత పాస్‌పోర్టులో వీసా, కొత్త పాస్‌పోర్టు రెండూ కలిపి చూపిస్తే చాలు. రెండింటికీ కలిపి రబ్బర్ బ్యాండ్ వేశాను. టికెట్‌లో మాత్రం కొత్త నంబరే ఉండాలి. బుక్ చేసినప్పుడు పాత నంబరు ఇచ్చాం కాబట్టి కొత్తది రాగానే ఆన్‌లైన్‌లో మార్చాం.

ఇక మావయ్యగారు. కరెంటు బోర్డులో పనిచేసి రిటైరైన మనిషి. కాగితాలంటే ప్రాణం. తెనాలి నుంచి ఒక జిప్పు ఫోల్డర్ తెచ్చుకున్నారు. అందులో ఆధార్, పాన్, పెన్షన్ ఆర్డరు, ఎస్సెస్సీ సర్టిఫికెట్, ఇంటి పన్ను రసీదు కూడా ఉన్నాయి. వీటిలో ఒక్కటీ ఓడ ఎక్కడానికి పనికిరాదని చెప్తే చిన్నబుచ్చుకున్నారు. ఆయన వీసా పదేళ్ళది, దాని మీద 'ఎంట్రీస్' అన్నచోట 'ఎం' అని ఉంది, అంటే ఎన్నిసార్లైనా రావచ్చు. ఇది తప్పకుండా చూడాలి. ఒకటే ఎంట్రీ ఉన్న వీసా అయితే అది హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడే వాడేసినట్టు, ఓడ దిగి తిరిగి రావడానికి మిగలదు.

వీసా బాగానే ఉంది. పేరు దగ్గర వచ్చింది చిక్కు. ఆయన పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. ఇంటిపేరుతో సహా మూడు ముక్కల పేరూ గివెన్ నేమ్ గడిలోనే ఉంది. మన వైపు పెద్దవాళ్ళ పాస్‌పోర్టులు ఇలా చాలానే ఉంటాయి. దరఖాస్తు నింపిన ఏజెంటు ఎలా రాస్తే అలా. అమెరికా వీసా ఇచ్చేటప్పుడు సర్‌నేమ్ ఖాళీగా ఉండటానికి వీల్లేదు కాబట్టి ఆ మూడు ముక్కల పేరునీ సర్‌నేమ్‌లో వేసి, గివెన్ నేమ్ దగ్గర 'ఎఫ్ఎన్‌యూ' అని కొడతారు. అంటే మొదటి పేరు తెలియదని. మావయ్యగారికి ఇది ఎప్పటికీ మింగుడుపడదు. "అరవై ఏళ్ళుగా ఊరంతా పిలుస్తున్న పేరు వీళ్ళకి తెలియదా" అంటారు.

ఇప్పుడు ఓడ ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ రెండూ నింపితే గానీ ముందుకు పోనివ్వదు. మా ఆయన ఇంటిపేరు లాస్ట్‌నేమ్‌లో, మిగతాది ఫస్ట్‌నేమ్‌లో వేద్దామన్నాడు. చూడటానికి చక్కగా ఉంటుంది గానీ అలాంటి విభజన ఆయన పాస్‌పోర్టులోనూ లేదు, వీసాలోనూ లేదు. సొంత తెలివి వద్దని కంపెనీకి ఫోన్ చేశాం. మొదట ఎత్తినవాళ్ళకి విషయం అర్థం కాలేదు, సర్‌నేమ్ లేని మనిషి ఎలా ఉంటాడన్నట్టు మాట్లాడారు. రెండోసారి డాక్యుమెంట్ల విభాగానికే కలపమన్నాం. వాళ్ళు పాస్‌పోర్టు పేజీ, వీసా పేజీ ఫోటోలు పంపమని, చూసి, వీసా మీద ఉన్నట్టే లాస్ట్‌నేమ్‌లో పూర్తి పేరు, ఫస్ట్‌నేమ్‌లో ఎఫ్ఎన్‌యూ వేయించారు. బుకింగ్‌లో ఒక నోట్ కూడా రాయించాం. ఇంకో కంపెనీ ఇంకోలా చెప్పొచ్చు. ఏం చెప్పినా ఈమెయిల్‌లో రాయించుకుని, ప్రింటు తీసి పెట్టుకోవడం మంచిది. ఫోన్‌లో చెప్పిన మాట రేవు దగ్గర కూర్చున్న మనిషికి తెలియదు కదా.

అత్తయ్యగారి పాస్‌పోర్టులో ఇంటిపేరు పెళ్ళయ్యాక మారినదే ఉంది, వీసాలోనూ అదే ఉంది. ఆవిడ విషయంలో ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

పాపది అన్నిటికన్నా తేలిక, బర్త్ సర్టిఫికెట్ ఉంటే చాలు అని చెప్పాను కదా. ఆ బర్త్ సర్టిఫికెట్ ఏదో చూసుకోవాలి. ఆస్పత్రివాళ్ళు చిట్టి పాదాల ముద్రలు వేసి ఫ్రేము కట్టించుకునేలా ఇచ్చేది జ్ఞాపిక మాత్రమే, దానికి విలువ లేదు. రాష్ట్రమో కౌంటీయో ఇచ్చిన సర్టిఫైడ్ కాపీ కావాలి. పాప ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకి ఇండియా ఇచ్చేది) కూడా పెట్టమంటారా అని మావయ్యగారు అడిగారు. దానితో ఇక్కడ పని లేదు.

బర్త్ సర్టిఫికెట్ చాలినా మేము పాపకి పాస్‌పోర్టు తీసుకున్నాం. కారణం ఒక్కటే. దారిలో ఎవరికైనా ఒంట్లో బాగాలేక కోజుమెల్‌లో దింపేస్తే? అక్కడి నుంచి ఇంటికి విమానంలో రావాలి. విమానానికి బర్త్ సర్టిఫికెట్ చెల్లదు, 2007 జనవరి నుంచి అమెరికన్లకైనా పాస్‌పోర్టు ఉండాల్సిందే. పెద్దవాళ్ళతో వెళ్తున్నప్పుడు ఆ అవసరం రాదని అనుకోలేం. 16 ఏళ్ళ లోపు పిల్లల పాస్‌పోర్టుకి తల్లిదండ్రులిద్దరూ బిడ్డతో సహా వెళ్ళాలి. ఒకరు రాలేకపోతే నోటరీ చేయించిన సమ్మతి పత్రం పంపాలి. అప్లికేషన్‌కి 100 డాలర్లు, తీసుకునే ఆఫీసుకి 35. అయిదేళ్ళు చెల్లుతుంది. మేము దగ్గర్లోని పోస్టాఫీసులో అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. పాప ప్రమాణం చేయాలేమోనని చెయ్యి పైకెత్తి నిలబడింది, అక్కడి ఆవిడ నవ్వి దించమంది, ప్రమాణం మాది. ఇక్కడ ఒక కిటుకు ఉంది. ఒరిజినల్ బర్త్ సర్టిఫికెట్ దరఖాస్తుతో పాటు వెళ్ళిపోతుంది, తర్వాత విడిగా పోస్టులో వస్తుంది. ప్రయాణం దగ్గర పడి పాస్‌పోర్టు రాకపోతే చేతిలో అదీ ఉండదు, ఇదీ ఉండదు. అందుకే ముందే 20 డాలర్ల పైచిలుకు పెట్టి ఇంకో సర్టిఫైడ్ కాపీ తెప్పించి ఇంట్లో ఉంచాం.

తల్లో తండ్రో ఒక్కరే పిల్లల్ని తీసుకెళ్తున్నా, అమ్మమ్మ తాతయ్యలు తీసుకెళ్తున్నా రెండోవాళ్ళ సమ్మతి లేఖ నోటరీ చేయించి పెట్టుకోవాలి. ఓడవాళ్ళు అడగొచ్చు, అధికారులూ అడగొచ్చు. బ్యాంకులో ఖాతా ఉంటే చాలాచోట్ల నోటరీ ఉచితంగానే చేస్తారు.

ఇంకో రకం వాళ్ళున్నారు, వాళ్ళకి గట్టిగా చెప్పాలి. గ్రీన్ కార్డు చివరి దరఖాస్తు ఐ-485 పెండింగ్‌లో ఉండి, చేతిలో హెచ్ గానీ ఎల్ గానీ స్టేటస్ లేనివాళ్ళు అడ్వాన్స్ పెరోల్ (బయటికి వెళ్ళి తిరిగి రావడానికి ముందస్తు అనుమతి) లేకుండా ఓడ ఎక్కితే ఆ దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క. విజిటర్‌గా వచ్చి ఇక్కడే స్టేటస్ మార్పుకి పెట్టుకున్నవాళ్ళకీ అంతే. వారం లోపు విహారానికి ఏళ్ళ తరబడి చూసిన ఎదురుచూపు పోగొట్టుకోవడం ఎందుకు? లాయర్ని అడగకుండా ఓడ వైపు చూడొద్దు.

బయల్దేరేముందు ఆన్‌లైన్ చెక్-ఇన్ ఉంటుంది. పాస్‌పోర్టు ఫోటో ఎక్కించాలి, ముఖం ఫోటో దిగాలి, రేవుకి వచ్చే టైమ్ ఎంచుకోవాలి. మా ఫారంలో వీసా నంబరు కూడా అడిగింది. వీసా మీద పైన కుడివైపు కంట్రోల్ నంబర్ అని ఒకటి కనపడుతుంది, అందరి కన్నూ దాని మీదే పడుతుంది. అది కాదు. కింద కుడివైపు ఎర్ర రంగులో ఉండేది వీసా నంబరు. అన్నీ అయ్యాక బోర్డింగ్ పాసులు, పెట్టెలకి కట్టే ట్యాగులు వస్తాయి. నేను ఫోన్‌లో ఉన్నా సరే కాగితం మీద కూడా తీసి పెట్టుకున్నాను. ఒక్కొక్కరికి ఒక్కో కవరు, పైన పేరు. మావయ్యగారి జిప్పు ఫోల్డర్ ఆయన దగ్గరే ఉంచుకోనిచ్చాం, అది లేకపోతే ఆయనకి నిద్ర పట్టదు.

గాల్వెస్టన్‌లో కారు దిగగానే పోర్టర్లు పెద్ద పెట్టెలు తీసేసుకుంటారు. అవి గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది. పాస్‌పోర్టులు, ఐ-797లు, మందులు ఆ పెట్టెల్లో పెట్టారంటే అంతే, కౌంటర్ దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. మా పక్క కుటుంబం ఒకటి పోర్టర్ వెనక పరిగెత్తడం కళ్ళారా చూశాం. కాగితాలన్నీ భుజానికి తగిలించుకునే సంచిలోనే ఉండాలి.

లోపల అమెరికన్ల లైను చకచకా కదులుతోంది. మాకు కాస్త ఎక్కువసేపే పట్టింది. కౌంటర్లో అమ్మాయి మా ఆయన కొత్త పాస్‌పోర్టు మొదటి నుంచి చివరి దాకా తిప్పింది, అన్నీ తెల్ల పేజీలే. ముఖం అదోలా పెట్టి తలెత్తింది. మా ఆయన రబ్బర్ బ్యాండ్ తీసి పాతది ఇచ్చాడు. కత్తిరించిన మూల చూసి పక్కనున్న సూపర్‌వైజర్‌ని పిలిచింది. ఆయన వీసా పేజీ వెలుతురుకి పట్టి, తేదీ చూసి, "ఓకే" అని వెళ్ళిపోయాడు. మావయ్యగారి దగ్గర ఎఫ్ఎన్‌యూ చూసి ఆగుతుందేమోనని నేను ఈమెయిల్ ప్రింటు చేతిలో పట్టుకునే ఉన్నాను. ఆ అమ్మాయి కంప్యూటర్‌లో నోట్ చదువుకుని, ఆ కాగితం వైపు చూడనైనా చూడలేదు. ఐ-797లు అడగలేదు. పాపని మాత్రం పేరు పెట్టి పిలిచి, మనిషీ ఫోటో ఒకటేనా అని చూసుకుంది.

ఓడలో అందరికీ ఒక కార్డు ఇస్తారు. గది తాళం అదే, బిల్లు అదే, రేవులో దిగినప్పుడు తిరిగి ఎక్కడానికీ అదే. కోజుమెల్‌లో దిగేటప్పుడు పాస్‌పోర్టులు గది లాకర్లో పెట్టేశాం. పెద్దవాళ్ళం ఓడ కార్డు, ఫోటో ఉన్న ఐడీ ఒకటి తీసుకెళ్ళాం. మా ఇద్దరికీ డ్రైవింగ్ లైసెన్సులున్నాయి. అత్తయ్యగారు మావయ్యగారు ఆధార్ పట్టుకున్నారు. ఎట్టకేలకు ఫోల్డర్‌లోది ఒకటి పనికొచ్చినందుకు ఆయన మొహంలో ఆనందం చూడాలి! నిజానికి గేటు దగ్గర గార్డు ఓడ కార్డులే చూశాడు. పాస్‌పోర్టు మొదటి పేజీ, వీసా పేజీ ఫోటోలు అందరి ఫోన్లలోనూ పెట్టాం. అసలువి పోతే కాన్సులేట్‌లో మొదట అడిగేవి అవే.

తిరిగొచ్చిన రోజు పొద్దున్నే ఇమిగ్రేషన్. అమెరికా పౌరులు కెమెరా ముందు నిలబడి వెళ్ళిపోతున్నారు. మమ్మల్ని ఒక అధికారి దగ్గరకి పంపారు. పాస్‌పోర్టు, వీసా చూసి, మా ఆయన్ని ఎక్కడ పని చేస్తారని, అత్తయ్యగారిని ఇండియా ఎప్పుడు వెళ్తారని అడిగాడు. ఆవిడకి ప్రశ్న అర్థమై తెలుగులో తేదీ చెప్పారు, నేను ఇంగ్లీషులో చెప్పాను. తిరుగు టికెట్ ప్రింటు ఇస్తే చూసి ఇచ్చేశాడు. ఓడలోంచి అరటిపండ్లు, యాపిల్స్ చేతిలో పట్టుకుని దిగినవాళ్ళవి అక్కడే డబ్బాలో వేయిస్తున్నారు, అవి తీసుకురాకూడదు.

ఐ-94 గురించి ఒక మాట. క్రూయిజ్ వెళ్ళొస్తే తల్లిదండ్రులకి ఇంకో 6 నెలలు కొత్తగా వస్తాయని మనవాళ్ళలో ప్రచారం ఉంది. ఆ ఆశ పెట్టుకోకండి. మెక్సికోకి కొద్ది రోజులు వెళ్ళొస్తే మామూలుగా మొదట ఇచ్చిన గడువే కొనసాగుతుంది, కొత్తది ఇవ్వడం అధికారి ఇష్టం. ఇంటికి రాగానే కస్టమ్స్ వాళ్ళ ఐ-94 సైట్‌లో నలుగురివీ తీసి చూశాను. అత్తయ్యగారూ మావయ్యగారివి హైదరాబాద్ నుంచి వచ్చినప్పటి తేదీలే ఉన్నాయి. మా ఆయనది ఐ-797 మీద ఉన్న తేదీతో సరిపోయింది. ఒకవేళ పాస్‌పోర్టు గడువుకి కుదించి ఉంటే వెంటనే ఆఫీసు లాయర్‌కి చెప్పాల్సి వచ్చేది, ఎందుకంటే ఎప్పుడూ చివరిగా వచ్చిన ఐ-94నే లెక్క. నాలుగు కాగితాలూ ప్రింటు తీసి ఎవరి కవర్లో వాళ్ళవి పెట్టాను.

పిన్ని కొడుకు ఇంకా స్టాంపింగ్‌కి వెళ్ళలేదు. ఇండియా వెళ్ళి వీసా వేయించుకుని వచ్చాక ఈసారి వాడే టికెట్లు తీస్తానంటున్నాడు. మావయ్యగారు మాత్రం తెనాలి చేరగానే పాస్‌పోర్టు రీఇష్యూకి పెట్టి సర్‌నేమ్ విడగొట్టించుకుంటానంటున్నారు. పాస్‌పోర్టు ఒకలా, వీసా ఒకలా అయితే కొత్త తలనొప్పి కదా, వీసా గడువయ్యేదాకా ఆగమని మా ఆయన అంటున్నాడు. ఇద్దరికీ వాదన ఇంకా తెగలేదు.